రాష్ట్ర ప్రభుత్వానికి అప్పిచ్చాను: ఎస్‌డీఎల్ బాండ్ల మీద నా రివ్యూ

ముందు రేటింగ్ చెప్పేస్తా, చివరిదాకా చదివే ఓపిక అందరికీ ఉండదు. ఐదుకి మూడున్నర. అసలు భద్రంగా ఉంటుందా అంటే నాలుగున్నర, మధ్యలో అవసరం పడితే అమ్ముకోగలమా అంటే రెండు కూడా దండగే, వడ్డీ సంగతి అటూ ఇటూ కాకుండా మూడు. నేను చెప్తున్నది మన రాష్ట్ర ప్రభుత్వాలు అమ్మే బాండ్ల గురించి. స్టేట్ డెవలప్‌మెంట్ లోన్స్, పొట్టిగా ఎస్‌డీఎల్ అంటారు. ఆంధ్రప్రదేశ్‌వీ తెలంగాణవీ రెండూ కొన్నాను, ఒకరికిచ్చి ఇంకొకరికి ఇవ్వలేదన్న మాట పడకుండా.

పేపర్లో 'మంగళవారం మళ్లీ ఇన్ని వేల కోట్ల అప్పు' అని వార్త వస్తుంది చూడండి, ఆ అప్పు ఇదే. ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు ఆ కటింగ్ చూపించి తిడతారు, వాళ్లే గెలిచాక అదే మంగళవారం అదే రిజర్వ్ బ్యాంక్ వేలంలో నిలబడతారు. ఆ వేల కోట్లలో ఒక పది వేలు మనవి కూడా ఉండొచ్చని చాలామందికి తెలియదు. 2021 నవంబర్ 12న ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్ మొదలైనప్పటి నుంచీ మామూలు మనిషి కూడా సొంతంగా ఖాతా తెరిచి నేరుగా ఈ వేలంలో కొనొచ్చు. కనీసం 10,000 రూపాయలు, ఆ పైన పదివేల లెక్కన. ఖాతా తెరవడానికి గానీ నడపడానికి గానీ ఛార్జీ లేదు. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్, ఈమెయిల్ ఉంటే చాలు. 2024 మేలో మొబైల్ యాప్ కూడా వచ్చింది.

ఇది తెలియక నేను ముందు మా బ్యాంకుకి వెళ్లాను. ఏ బ్యాంకో వద్దులెండి. మేనేజర్ గారు కళ్లజోడు పైకి జరిపి, "అవన్నీ బ్యాంకులు కొనుక్కునేవండీ, మీకెందుకు, రిస్కు కూడానూ. మా దగ్గర మంచి పాలసీ ఒకటుంది, ఐదేళ్లు కడితే చాలు, తర్వాత అదే నడుస్తుంది" అని బ్రోచర్ తీశారు. నేను అడిగింది ప్రభుత్వ బాండు, ఆయన చూపించింది ఇన్సూరెన్స్. ఆయన్ని తప్పు పట్టను, టార్గెట్లు అలా ఉంటాయి. కానీ ఆయన రిస్కు అన్న వస్తువునే వాళ్ల బ్యాంకు చట్టప్రకారం ఉంచుకోవాల్సిన ఎస్ఎల్ఆర్ లెక్కలో పెట్టుకుంటుంది. మీకు పీఎఫ్ కట్ అవుతుంటే మీ డబ్బులో కొంత ఇప్పటికే ఈ బాండ్లలో ఉండే ఉంటుంది, మీకు చెప్పి పెట్టరు అంతే.

కొనే పద్ధతి సులువు. వేలానికి ముందు లిస్టు వస్తుంది. ఒక్కో రాష్ట్రం పేరు, ఎన్నేళ్లకి, ఎన్ని కోట్లు అని వరసగా ఉంటాయి. మనం రేటు చెప్పక్కర్లేదు, ఎంత డబ్బు పెడతామో చెప్తే చాలు. పెద్ద బ్యాంకులూ ఇన్సూరెన్స్ కంపెనీలూ పాట పాడుకుంటాయి, ఆ పాటలో తేలిన సగటు రేటే మనకీ ఇస్తారు. ప్రతి రాష్ట్రం అమ్మేదాంట్లో 10 శాతం వరకు ఇలా పాట పాడనివాళ్ల కోసం పక్కన పెడతారు. వడ్డీ ఆరు నెలలకోసారి బ్యాంకు ఖాతాలో పడుతుంది. లక్షకి 7.2 శాతం అనుకుంటే ఆరు నెలలకి 3,600. వడ్డీ మీద వడ్డీ ఉండదు, ఆ 3,600ని మళ్లీ ఎక్కడ పెట్టుకుంటారో మీ ఇష్టం. పన్ను మీ శ్లాబు ప్రకారం. ఈ విషయంలో ఎఫ్‌డీకీ దీనికీ తేడా లేదు.

ఆ లిస్టు మొదటిసారి చూసినప్పుడే నాకు ఒక అనుమానం వచ్చింది, ఈ రివ్యూ అంతా నిజానికి దాని గురించే. ఆర్థిక పరిస్థితి బాగున్న రాష్ట్రమూ, అప్పుల్లో పీకల దాకా ఉన్నదని రోజూ పేపర్లో చదివే రాష్ట్రమూ పక్కపక్కనే ఉంటాయి. ఒకే కాలానికైతే రెండింటి వడ్డీలో తేడా శాతంలో పదో వంతు కూడా ఉండదు చాలాసార్లు. మన ఊళ్లో వడ్డీ వ్యాపారి అయినా మనిషిని చూసి రేటు చెప్తాడు, రెండు ఎకరాలున్నవాడికి ఒక లెక్క, కౌలు రైతుకి ఒక లెక్క. ఇక్కడ అందరికీ దాదాపు ఒకటే. ఎందుకు? కేంద్రం గ్యారంటీ ఉందా అంటే లేదు. ఎస్‌డీఎల్‌కి కేంద్ర ప్రభుత్వం పూచీ పడదు, ఇది గుర్తు పెట్టుకోండి. పోనీ రాష్ట్రానికి నోట్లు ముద్రించే అధికారం ఉందా అంటే అదీ లేదు. కరెన్సీ, బ్యాంకింగ్, రిజర్వ్ బ్యాంకు, విదేశీ అప్పులు, విదేశీ వ్యాపారం అన్నీ ఏడో షెడ్యూల్లో కేంద్ర జాబితాలోనే ఉన్నాయి. ఢిల్లీకి డబ్బు తక్కువైతే చివరికి రిజర్వ్ బ్యాంకు దాని వెనకే ఉంటుంది, అమరావతికీ హైదరాబాదుకీ అలాంటి వెసులుబాటు లేదు.

అయినా ఇప్పటిదాకా ఏ రాష్ట్రమూ ఎస్‌డీఎల్ ఎగ్గొట్టిన దాఖలా లేదు. దానికి కారణం రాష్ట్రాల నిజాయితీ కాదు, ఏర్పాటే అలా ఉంది. రాష్ట్రాల ఖాతా రిజర్వ్ బ్యాంకు దగ్గరే, అప్పుల నిర్వహణ కూడా వాళ్లదే. వడ్డీ గడువు రోజున ఆ ఖాతాలోంచి డబ్బు దానంతటదే కట్ అవుతుంది, ఎవరో సెక్రటరీ సంతకం పెట్టాలని చూడదు. రాజ్యాంగం 202వ అధికరణ ప్రకారం అప్పు మీద వడ్డీ, అసలు చెల్లింపులు రాష్ట్ర సంచిత నిధి, అంటే రాష్ట్ర ప్రధాన ఖజానా, మీద నేరుగా పడే ఖర్చు, అంటే 203 ప్రకారం అసెంబ్లీలో చర్చించొచ్చు గానీ ఓటుకి పెట్టరు. మిగతా ఖర్చులు, జీతాలూ, పింఛన్లూ, పథకాలూ, కాంట్రాక్టర్ల బిల్లులూ అన్నీ సభ ఓటు వేశాకే. బాండు కొన్న నేను, అసెంబ్లీకి ఎన్నికైన ఎమ్మెల్యే కంటే ముందు వరసలో ఉన్నానన్నమాట. మొదట ఇది తెలిసినప్పుడు హాయిగా అనిపించింది.

తర్వాత అప్పు తీసుకున్నవాడి సంపాదన ఏంటో చూద్దామని కూర్చున్నాను. మనం బైటివాళ్లకి అప్పిస్తే పొలం ఉందా, జీతం ఎంత అని అడగమా? మీ దగ్గర శాలరీ స్లిప్ ఉంటే ఒకసారి తీయండి. ప్రొఫెషనల్ ట్యాక్స్ అని 200 కనిపిస్తుంది. 25 వేలు వచ్చేవాళ్లకీ 200, హైటెక్ సిటీలో నెలకి నాలుగు లక్షలు తెచ్చుకునేవాళ్లకీ 200. ఇదేం అన్యాయం, వాళ్ల దగ్గర రెండు వేలు తీసుకోవచ్చు కదా అనుకున్నా. తీసుకోకూడదు. 276వ అధికరణలో ఏడాదికి ఒక మనిషికి 2,500 మించకూడదని రాసేశారు, 1988లో పెంచిన హద్దు అది. నాలుగు లక్షల మీద ఆదాయపన్ను వేసేది కేంద్రం. ఆ పన్నులో రాష్ట్రానికి వాటా ఉంటుంది, కానీ ఎంతో చెప్పేది ఆర్థిక సంఘం. 2021-26 కాలానికి రాష్ట్రాలన్నింటికీ కలిపి 41 శాతం, అందులో ఆంధ్రప్రదేశ్‌కి 4.047, తెలంగాణకి 2.102 శాతం. సెస్సులూ సర్‌ఛార్జీలూ వేసుకుంటే ఆ డబ్బు ఈ పంపకంలోకి రాదు, అది కేంద్రానికే. మీ సంస్థ హైదరాబాద్‌లో ఉండి కట్టిన పన్ను పెరిగినంత మాత్రాన హైదరాబాద్ వాటా పెరగదు.

ఒకప్పుడు అమ్మకం పన్ను రాష్ట్రం చేతిలో పెద్ద ఆయుధం. 2017 జూలై 1న జీఎస్‌టీ వచ్చాక ఆ రేట్లు కేంద్ర, రాష్ట్రాల మంత్రులు కూర్చునే జీఎస్‌టీ కౌన్సిల్లో తేలతాయి. అక్కడ కేంద్రం ఓటు విలువ మూడో వంతు, రాష్ట్రాలన్నింటికీ కలిపి మూడింట రెండు వంతులు, ఏ నిర్ణయమైనా గెలవాలంటే నాలుగింట మూడు వంతులు కావాలి. అంటే కేంద్రం ఒక్కటే అడ్డుకోగలదు, రాష్ట్రాలన్నీ ఒక్కటైనా కేంద్రం లేకుండా గెలవలేవు. ఒక్క రాష్ట్రం ఓటు విలువ లెక్కేస్తే రెండు శాతం చిల్లర. 2022 మేలో సుప్రీంకోర్టు కౌన్సిల్ సిఫార్సులు రాష్ట్రాలని కట్టిపడేయవని చెప్పిన మాట నిజమే. కానీ దాన్ని పట్టుకుని ఏ రాష్ట్రమూ సొంత రేటు పెట్టుకున్నది లేదు. 2025 సెప్టెంబర్ 22న చాలా వస్తువుల మీద రేట్లు తగ్గాయి కదా, మనకి టీవీలూ చిన్న కార్లూ చవకయ్యాయి, అది మంచిదే, రాష్ట్ర ఖజానాకి ఎంత తగ్గుతుందన్నది మాత్రం ఆ రాష్ట్రం ఒక్కటే తేల్చుకునే విషయం కాదు. తగ్గితే పూడ్చే పరిహారం కూడా 2022 జూన్ 30తోనే అయిపోయింది.

ఇక మిగిలింది ఏమిటి? పెట్రోలు డీజిలు మీద వ్యాట్, మద్యం, రిజిస్ట్రేషన్లు, బండ్ల మీద పన్ను. ప్రతి ప్రభుత్వమూ మద్యం చుట్టూనే ఎందుకు తిరుగుతుంది, ఎన్నికల ముందు నిషేధం అని ఎన్నికల తర్వాత కొత్త పాలసీ అని ఎందుకంటుంది అని నాకు ఎప్పుడూ విసుగు. ఇప్పుడు కొంచెం అర్థమైంది, సమర్థించను గానీ. సొంతంగా రేటు పెంచుకోగల వస్తువులు ఆ నాలుగే ఉన్నప్పుడు చెయ్యి అటే పోతుంది. అవి కూడా ఇష్టమొచ్చినట్టు పెంచలేరు. కాకినాడ పక్కనే యానాం ఉంది, పుదుచ్చేరి కిందకి వస్తుంది, అక్కడ పెట్రోలు చవక. గోదావరి జిల్లాల్లో ఎవరినైనా అడగండి, యానాం మీదుగా వస్తే ట్యాంకు నింపకుండా ఎవరూ రారు. సరిహద్దు దగ్గర గోడ కట్టడానికి ఇది వేరే దేశం కాదు, దేశమంతా వ్యాపారం స్వేచ్ఛగా సాగాలని 301వ అధికరణే అంటోంది.

సరే, సంపాదన ఇంతే, చాలకపోతే అప్పు. అక్కడే అసలు బిగింపు ఉంది. 293వ అధికరణ చిన్నదే, ఓపిక చేసుకుని చదవండి. మొదటి మాట, రాష్ట్రం భారతదేశం లోపలే అప్పు చేయాలి. కేంద్రానికి 292లో ఈ 'లోపలే' అన్న మాట లేదు. మూడో మాట, కేంద్రం ఇచ్చిన అప్పులో రూపాయి బాకీ ఉన్నా కొత్త అప్పుకి కేంద్రం ఒప్పుకోవాలి. నాలుగో మాట, ఒప్పుకుంటూ షరతులు పెట్టొచ్చు. కేంద్రానికి బాకీ లేని రాష్ట్రం లేదు కాబట్టి అందరూ ప్రతి ఏడాదీ అడగాల్సిందే. మామూలుగా రాష్ట్ర జీఎస్‌డీపీలో, అంటే రాష్ట్రంలో ఏడాదికి జరిగే మొత్తం ఉత్పత్తి విలువలో, 3 శాతం అని గీత గీస్తారు, ఆ పైన కావాలంటే చెప్పింది చేయాలి. 2020లో కోవిడ్ అప్పుడు 5 శాతం దాకా పెంచారు, కానీ అందులో రేషన్ కార్డుకి పావు శాతం, వ్యాపార సంస్కరణలకి పావు, మున్సిపాలిటీలకి పావు, కరెంటుకి పావు అని ముక్కలు చేసి ఇచ్చారు.

ఆ తర్వాత విద్యుత్ సంస్కరణలకి అదనంగా అర శాతం అన్నారు. మన ఊళ్లలో 'మోటార్లకి మీటర్లు' గొడవ గుర్తుందా? అది పుట్టింది ఈ షరతుల్లోంచే. జగన్ ప్రభుత్వం శ్రీకాకుళం జిల్లాలో మొదలుపెట్టి వ్యవసాయ కనెక్షన్లకి మీటర్లు బిగించింది. కేసీఆర్ అయితే ప్రాణం పోయినా పెట్టేది లేదని సభల్లో చెప్పారు, దానివల్ల అప్పు పరిమితి తగ్గిందని కూడా ఆయనే చెప్పారు. ఎవరిది రైటు అన్నది వేరే రివ్యూ. వ్యవసాయం రాష్ట్ర జాబితాలో ఉంది, ఉచిత కరెంటు రాష్ట్రం తన బడ్జెట్లోంచి ఇస్తోంది, కానీ బోరుబావి దగ్గర ఆ డబ్బా బిగించాలా వద్దా అన్నది అప్పు అనుమతి కాగితం మీదకి ఎక్కింది.

ఒక విషయం మాత్రం చదివి నవ్వొచ్చింది. రాష్ట్రాలకి నేరుగా అప్పులివ్వడం కేంద్రం ఒక దశలో బాగా తగ్గించుకుంది. అలాగే సాగితే ఎప్పటికో కొన్ని రాష్ట్రాల పాత బాకీలు తీరి, అనుమతి అడగాల్సిన పని తప్పేదేమో. ఈలోగా 2020 నుంచి పెట్టుబడి ఖర్చుల కోసం యాభై ఏళ్లకి వడ్డీ లేని అప్పులు ఇవ్వడం మొదలైంది. వడ్డీ లేదు కాబట్టి అన్ని పార్టీల ప్రభుత్వాలూ తీసుకున్నాయి, తీసుకోకపోతే పిచ్చితనం. కానీ యాభై ఏళ్ల బాకీ అంటే 2070 దాటేదాకా కేంద్రానికి బాకీ ఉన్నట్టే, అంటే 293లో మూడో మాట అప్పటిదాకా బతికే ఉంటుంది. కావాలని చేశారని నేననను. లెక్క మాత్రం అంతే.

ఈ బిగింపు వల్లే మార్కెట్లో ఇంకో రకం సరుకు వచ్చింది, ఎక్కువ వడ్డీ చూసి అటు మొగ్గేవాళ్ల కోసం ఇది చెప్తున్నా. రాష్ట్రం నేరుగా కాకుండా ఒక కార్పొరేషన్ పేరు మీద అప్పు తీసుకుని వెనక పూచీకత్తు ఇస్తుంది. 2018 ఆగస్టులో రాజధాని కట్టే సంస్థ సీఆర్‌డీఏ అమ్మిన అమరావతి బాండ్లు 2,000 కోట్లు, 10.32 శాతం. చంద్రబాబు ముంబై వెళ్లి బీఎస్‌ఈలో గంట కొట్టారు. 2022లో జగన్ ప్రభుత్వంలో బెవరేజెస్ కార్పొరేషన్ 8,305 కోట్లు, 9.62 శాతం. 2025లో మళ్లీ కూటమి ప్రభుత్వంలో ఖనిజాభివృద్ధి సంస్థ బాండ్లు, 9.3 శాతం, వడ్డీ కట్టలేకపోతే నేరుగా ఆర్‌బీఐలోని రాష్ట్ర ఖాతాలోంచి తీసుకునే ఏర్పాటు పెట్టారని ఈసారి వైసీపీ గొడవ చేసింది. తెలంగాణలో కాళేశ్వరం కార్పొరేషన్ పేరు మీద తెచ్చిన అప్పులు అందరికీ తెలిసినవే. పార్టీలు మారాయి, దారి మారలేదు.

కేరళ ఇంకో అడుగు ముందుకేసింది. రోడ్లూ వంతెనల్లాంటి పనులకి డబ్బు తెచ్చే కిఫ్బీ అనే సంస్థ ద్వారా 2019లో లండన్‌లో మసాలా బాండ్లు, అంటే విదేశాల్లో అమ్మే రూపాయి బాండ్లు, అమ్మి 2,150 కోట్లు తెచ్చింది, 9.723 శాతానికి. ముఖ్యమంత్రిగా పినరయి విజయన్ లండన్ ఎక్స్ఛేంజీలో గంట కొట్టారు. దేశం లోపలే అప్పు చేయాలన్న మాట ఏమైందని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ అడిగింది. కిఫ్బీ వేరే సంస్థ, రాష్ట్రం కాదు కదా అన్నది వాళ్ల జవాబు. తర్వాత 2022లో కేంద్రం ఒక నిర్ణయం తీసుకుంది, కార్పొరేషన్ పేరు మీద ఉన్నా సరే, తీర్చేది రాష్ట్ర బడ్జెట్ అయితే అది రాష్ట్రం అప్పుగానే లెక్కేసి, పరిమితిలోంచి కోస్తామని. ఆ ఏడాది మొదట్లో తెలంగాణకి బాండ్ల అనుమతి ఆలస్యమైంది కూడా. కేరళ 2023 డిసెంబర్లో కేంద్రం మీద నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లింది. 2024 ఏప్రిల్ 1న కోర్టు మధ్యంతర ఊరట ఇవ్వకుండా, 293కి అర్థమేంటో తేల్చమని ఐదుగురు జడ్జీల ధర్మాసనానికి పంపింది. డెబ్బై ఏళ్లు దాటిన రాజ్యాంగంలో ఈ అధికరణని అంతపెద్ద బెంచి ఎప్పుడూ విడమరిచి చూడలేదంటే ఆశ్చర్యమే.

కొనేవాళ్లకి ఇందులో పనికొచ్చే సంగతి ఏంటంటే, ఎస్‌డీఎల్‌కి 7 శాతం చిల్లర ఇచ్చే రాష్ట్రం అదే పూచీతో కార్పొరేషన్ బాండుకి 9, 10 ఇస్తోందంటే ఆ రెండు మూడు శాతం ఊరికే రాదు. కంచె దాటినందుకు కట్టే టోల్ అది, మార్కెట్‌కి ఆ సంగతి తెలుసు. పూచీకత్తు ఉన్నంత మాత్రాన 202లో చెప్పిన ముందు వరస దానికి రాదు. అవి ఎక్కువగా పెద్ద పెట్టుబడిదారులకే అమ్ముతారు, అయినా ఎవరైనా ఏజెంటు 'గవర్నమెంటు బాండే అండీ, రేటు ఎక్కువ' అని వస్తే, రిజర్వ్ బ్యాంకు వేలంలో కొన్నదా కాదా అని ఒక్క ప్రశ్న అడగండి.

ఇప్పుడు నాకు నచ్చని భాగం. మా బాబాయి హైస్కూల్ హెడ్‌మాస్టర్‌గా రిటైరయ్యారు. ఏ రాష్ట్రమో చెప్పను, రెండు వైపులా ఎవరికి వాళ్లు మాదే అనుకుంటారు. పింఛను వస్తోంది, కానీ ఆర్జిత సెలవుల డబ్బు, డీఏ బకాయిలు ఇంకా రాలేదు. పిన్ని మోకాలి ఆపరేషన్ కోసం అనుకున్న డబ్బు అది. మొన్న ఫోన్ చేసి, "ఏరా, నీ బాండు వడ్డీ పడిందా?" అన్నారు. పడింది బాబాయ్ అన్నాను. "పొద్దున్నే పడిందా?" అన్నారు. అవునన్నాను. "మరి నా బిల్లు ట్రెజరీలో పెండింగ్ అనే చూపిస్తోందిరా, ముప్పై ఆరేళ్లు చాక్‌పీస్ పట్టుకున్నవాడి కంటే పది వేలు పెట్టినవాడు ముందా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు, నాకు మాత్రం జవాబు దొరకలేదు.

ఆయన అడిగింది సరదాకి అయినా లెక్క అదే. రోజువారీ ఖర్చుకి రాష్ట్రం రిజర్వ్ బ్యాంకు దగ్గర చేబదులు తీసుకుంటుంది, దానికి పరిమితి ఉంది. అది దాటితే ఓవర్‌డ్రాఫ్ట్, వరసగా 14 పనిదినాలు, మూడు నెలల్లో మొత్తం 36 రోజులు మించితే చెల్లింపులే ఆపేస్తారు. అప్పు పెంచుకోవాలంటే ఢిల్లీ, పన్ను పెంచాలంటే కౌన్సిల్, మద్యం పెట్రోలు పెంచితే జనం. వడ్డీ ఆపడానికి వీల్లేదు. ఇక ఆపగలిగేది ఓటింగ్‌కి వచ్చే ఖర్చులే, అందులోనూ అరిచే గొంతు లేనివాళ్లవి. చిన్న కాంట్రాక్టర్లు, ఆరోగ్యశ్రీ కింద బిల్లులు పెట్టిన ఆస్పత్రులు, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాని కాలేజీలు, రిటైరైన టీచర్లు. నా బాండుకి నాలుగున్నర స్టార్ల భద్రత వచ్చింది వీళ్లని వెనక నిలబెట్టడం వల్ల కూడా. అందుకని రాష్ట్రాల తప్పేమీ లేదని కాదు. ఎన్నికలప్పుడు తమ చేతుల్లో లేని డబ్బుని పంచుతామని చెప్పేది వాళ్లే, ఈ అధికరణలేవీ తెలియనట్టు. మేనిఫెస్టోలో ప్రతి హామీ పక్కన 'డబ్బు ఎక్కణ్నుంచి' అని ఒక గడి పెట్టమంటే సగం పేజీలు ఖాళీ అవుతాయి.

మిగతా చిన్నచిన్నవి చెప్పేసి వదిలేస్తా. మధ్యలో అమ్మాలంటే ఆర్‌బీఐ వేదిక మీదే అమ్మొచ్చు గానీ, చిన్న మొత్తాల ఎస్‌డీఎల్‌కి కొనేవాడు దొరకడం కష్టం, దొరికినా రేటు తగ్గించి అడుగుతాడు. అందుకే అత్యవసరానికి పనికొచ్చే డబ్బు ఇందులో పెట్టకండి. వడ్డీ రేట్లు పెరిగితే మీ బాండు విలువ తగ్గుతుంది, గడువు దాకా ఉంచుకునేవాళ్లకి దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. నామినీ పేరు మొదట్లోనే పెట్టేయండి, తర్వాత పెడదాం అనుకుంటే పెట్టరు. నెలనెలా డబ్బు కావాల్సినవాళ్లకి ఇది కుదరదు, వేర్వేరు నెలల్లో వడ్డీ పడేలా నాలుగైదు బాండ్లు కొనుక్కుంటే కొంత నయం. పెద్దవాళ్లకి పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీమే ముందు చూడమంటాను, దాని పరిమితి నిండాక ఇటు రండి.

ఎన్నేళ్ల బాండు కొనాలి అని అడుగుతున్నారు కొంతమంది. లిస్టులో ఇరవై, ముప్పై ఏళ్లవి కూడా ఉంటాయి, రేటు కాస్త ఊరిస్తుంది. నేను పదేళ్లు దాటలేదు. వడ్డీ రేట్ల లెక్క ఒకటే కాదు కారణం. మన తెలుగువాళ్లకి తెలిసిన ఇంకో సంగతి ఉంది, మనం అప్పిచ్చిన మనిషే మధ్యలో రెండుగా విడిపోవచ్చు. 3వ అధికరణ ప్రకారం రాష్ట్రాన్ని విడదీయాలంటే పార్లమెంటు చట్టం చాలు, రాష్ట్ర అసెంబ్లీ అభిప్రాయం అడుగుతారు గానీ అది ఒప్పుకోవాలని లేదు. 2014 జనవరిలో మన అసెంబ్లీ బిల్లు వద్దంది, ఫిబ్రవరిలో పార్లమెంటు పాస్ చేసింది, జూన్ 2న రెండయ్యాయి. అప్పటికి ఉమ్మడి రాష్ట్రం అమ్మిన బాండ్లు వేల కోట్లలో జనం దగ్గరా బ్యాంకుల దగ్గరా ఉన్నాయి. విభజన చట్టంలో 54వ సెక్షన్ ఆ అప్పుని జనాభా లెక్కన పంచింది, ఆంధ్రప్రదేశ్‌కి 58.32, తెలంగాణకి 41.68. ఏ అప్పు ఎవరిదో తేలే దాకా అంతా ఆంధ్రప్రదేశ్ బాధ్యతే అని కూడా అందులోనే రాశారు కాబట్టి వడ్డీ ఎక్కడా ఆగలేదు. బాండు కొన్నవాళ్లకి ఏమీ తేడా పడలేదు. నీళ్ల పంపకం, ఉమ్మడి సంస్థల పంపకం మీద మాత్రం రెండు రాష్ట్రాలూ ఏళ్ల తరబడి కొట్లాడుకున్నాయి.